చిన్న మెయిల్ వెళ్తుంది, పెద్దది ఆగిపోతుంది: గుంటూరు మిర్చి ఆఫీసులో ఒక కేసు

2022 మార్చి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు గుట్టలుగా పడి ఉండే రోజులు. నాకు ఎప్పటినుంచో తెలిసిన ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి సాయంత్రం ఫోన్ వచ్చింది. అక్కడ లెక్కలు, డాక్యుమెంట్లు చూసుకునే అమ్మాయి చేసింది, గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది.

"అన్నా, మూడు రోజుల్నుంచి మెయిల్స్ వెళ్ళట్లేదు. వచ్చేవి వస్తున్నాయి. వెళ్ళేవాటిలో మాత్రం కొన్ని వెళ్తున్నాయి, కొన్ని వెళ్ళట్లేదు. ఏది వెళ్తుందో, ఏది ఆగుతుందో అర్థం కావట్లేదు."

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు నేను ముందు పట్టుకునేది ఆ "కొన్ని" అన్న మాటనే. అస్సలు వెళ్ళకపోతే పాస్‌వర్డో, పోర్టో, సర్వరు పేరో ఏదో ఒకటి తప్పి ఉంటుంది, అరగంటలో దొరుకుతుంది. కొన్ని వెళ్ళి కొన్ని ఆగాయంటే మాత్రం ఆ రెండు రకాల మధ్య ఏదో తేడా ఉంది, ఆ తేడా కనిపెడితే సగం పని అయినట్టే. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం కూడా అదే. ఆ మూడు రోజుల్లో నలుగురు ఆ కంప్యూటర్ మీద చెయ్యి వేశారు, నలుగురూ సెట్టింగులు మార్చారు, ఏ మెయిల్ ఆగుతోంది, సరిగ్గా ఎక్కడ ఆగుతోంది అని ఒక్కరూ చూడలేదు.

ముందు ఆ ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. తేజ రకం మిర్చి కంటైనర్ ఒకటి చెన్నై పోర్టు నుంచి మలేషియాకి బయల్దేరింది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అన్నీ స్కాన్ చేసి కొనేవాళ్ళకి పంపాలి. వాళ్ళు చూసి సరే అంటేనే తర్వాత పని కదులుతుంది. ఓడ వెళ్ళిపోతోంది, కాయితాలు ఇక్కడే ఉన్నాయి. వాట్సాప్‌లోనో, సొంత జీమెయిల్‌లోనో పంపెయ్యొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. ఆ జనవరిలో ఎవరో మోసగాడు ఈ కంపెనీ మెయిల్ అడ్రస్‌లో ఒక్క అక్షరం మార్చిన అడ్రస్‌తో ఆ కొనేవాళ్ళకి మెయిల్ పెట్టాడు, బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వెయ్యండి అని. వాళ్ళు జాగ్రత్తపరులు కాబట్టి ఫోన్ చేసి కనుక్కున్నారు, డబ్బు పోలేదు. కానీ అప్పటినుంచి కంపెనీ డొమైన్ మెయిల్ నుంచి వస్తేనే ఏ కాయితమైనా చూస్తాం, ఇంకెక్కడినుంచి వచ్చినా చూడం అని గట్టిగా చెప్పేశారు. వాళ్ళు చేసింది సరైన పనే. కాబట్టి మెయిల్ వెళ్ళి తీరాలి, అది కూడా ఈ దారిలోనే.

ఆ మోసం సంగతి ఇంకో రకంగా కూడా ఈ కేసుకి తగులుతుంది, అది తర్వాత చెప్తాను.

కంప్యూటరు పాతది. రెండేళ్ళ కిందట వైరస్ పడి ఫైళ్ళన్నీ పోయినప్పుడు నేనే దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి, దానితోపాటు వచ్చే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో వాళ్ళ మెయిల్ పెట్టాను. ట్యాలీ నడిచే కంప్యూటర్ వేరే ఉంది, అందులో విండోస్. మెయిల్ ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర ఉంది. మెయిల్ లోపలికి తెచ్చే పద్ధతి ఐమ్యాప్, బయటికి పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీ, సర్వరులోకి వెళ్ళే గుమ్మం పోర్టు 587, దారిలో ఎవరూ చదవకుండా వేసే తాళం స్టార్ట్‌టీఎల్‌ఎస్. రెండేళ్ళుగా ఏ గొడవా లేదు.

నేను వెళ్ళేసరికి రాత్రి 7 దాటింది. థండర్‌బర్డ్ తెరిచి సెట్టింగులు చూస్తే నేను పెట్టిన సెట్టింగ్ ఒక్కటీ మిగల్లేదు. హోస్టింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే పోర్టు 465 పెట్టమన్నారట, పెట్టారు. మళ్ళీ ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ మార్చి చూడమన్నారట, రెండుసార్లు మార్చారు. ఇంటర్నెట్ కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి పోర్టు 25 పెట్టి సెక్యూరిటీ తీసేశాడు. ఓనరు గారి బంధువు ఒకాయన కొత్తగా ఇంకో అవుట్‌గోయింగ్ సర్వరు చేర్చి దాన్ని డిఫాల్ట్ చేశారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ అసలు జబ్బు మీద ఇంకో నాలుగు జబ్బులు వచ్చి కూర్చున్నాయి, ఇప్పుడు ఏ లక్షణం దేనిదో చెప్పడం కష్టం.

ఇలాంటప్పుడు నేను ఒక పని తప్పకుండా చేస్తాను. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫోటోలు తీసుకుని, తర్వాత అన్నిటినీ చివరిసారి బాగా పనిచేసిన స్థితికి తెస్తాను. 587, స్టార్ట్‌టీఎల్‌ఎస్, యూజర్‌నేమ్‌గా పూర్తి మెయిల్ అడ్రస్. కొత్తగా చేర్చిన సర్వరు తీసేశాను. పంపి చూస్తే వెంటనే 535 వచ్చింది, అంటే సర్వరు పాస్‌వర్డ్ ఒప్పుకోలేదని. ఇది మాత్రం తేలిక. థండర్‌బర్డ్ లోపలికి వచ్చే ఐమ్యాప్ పాస్‌వర్డ్‌నీ బయటికి వెళ్ళే ఎస్‌ఎంటీపీ పాస్‌వర్డ్‌నీ విడివిడిగా దాచుకుంటుంది. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఐమ్యాప్‌కి కొత్తది అడిగింది, వీళ్ళు ఇచ్చారు, మెయిల్స్ వస్తున్నాయి కదా పాస్‌వర్డ్ బాగానే ఉందనుకున్నారు. ఎస్‌ఎంటీపీ దగ్గర మాత్రం పాతదే ఉండిపోయింది. సేవ్డ్ పాస్‌వర్డ్స్ జాబితాలో ఎస్‌ఎంటీపీ అని మొదలయ్యే ఎంట్రీ చెరిపేసి, మళ్ళీ అడిగినప్పుడు కొత్తది కొడితే అయిపోయింది. "మెయిల్స్ వస్తున్నాయి, కాబట్టి పాస్‌వర్డ్ కరెక్టే" అన్న నమ్మకం చాలా ఆఫీసుల్లో చూస్తాను. అది నిజం కాదు.

టెస్ట్ అని ఒక్క ముక్క రాసి నా అడ్రస్‌కి పంపాను. వెళ్ళింది. ఆ అమ్మాయి ముఖంలో వెలుగు వచ్చింది. వెంటనే డాక్యుమెంట్లు జోడించి పంపింది. పంపుతున్నట్టు చూపే గీత కొంచెం కదిలి ఆగిపోయింది. ఒకటిన్నర నిమిషం పైన చూశాక, అవుట్‌గోయింగ్ సర్వరుతో కనెక్షన్ టైమ్ అవుట్ అయింది, మళ్ళీ ప్రయత్నించండి అని వచ్చింది. మామూలుగా థండర్‌బర్డ్ 100 సెకన్లు ఎదురుచూసి వదిలేస్తుంది.

"ఇదే అన్నా. మొదట్నుంచీ వస్తోంది ఇదే."

అంటే పాస్‌వర్డ్ గొడవ మధ్యలో పుట్టింది, అసలుది ఇంకా అలాగే ఉంది.

తెర మీద వచ్చే ఆ మాట సర్వరు చెప్పింది కాదు, ఇది అర్థం చేసుకోవాలి. సర్వరు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ప్రోగ్రాము తనకి తోచింది చెప్తుంది. టైమ్ అవుట్ అంటే "నేను అడిగాను, జవాబు రాలేదు" అని అర్థం, అంతే. ఎక్కడ అడిగింది, ఏ మాటకి జవాబు రాలేదు, అది అందులో ఉండదు. దానికి లాగ్ చూడాలి. థండర్‌బర్డ్ సెట్టింగుల్లో అడుగున కాన్ఫిగ్ ఎడిటర్ ఉంటుంది. అందులో ఎస్‌ఎంటీపీ లాగ్ లెవెల్ వెతికి ఆల్ అని పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, జె కలిపి నొక్కితే ఎర్రర్ కన్సోల్ వస్తుంది. ఇక మెయిల్ పంపితే మన ప్రోగ్రామూ సర్వరూ మాట్లాడుకునే ప్రతి మాటా అక్కడ పడుతుంది.

ఆ మాటల్లో చాలావరకు 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 నాటివే (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసుకున్న పత్రం). ఈహెచ్‌ఎల్‌ఓ, స్టార్ట్‌టీఎల్‌ఎస్, పాస్‌వర్డ్ ఇవ్వడం మాత్రం తర్వాత చేరాయి. సర్వరు 220 అని పలకరిస్తుంది. మనవాడు, అంటే థండర్‌బర్డ్, ఈహెచ్‌ఎల్‌ఓ అని తన పేరు చెప్తాడు, సర్వరు 250 అని తనకి ఏమేమి వచ్చో చెప్తుంది. స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో తాళం పడుతుంది. పాస్‌వర్డ్ ఇస్తే 235. ఎవరినుంచి అంటే 250, ఎవరికి అంటే 250. డేటా అంటే 354, అంటే "సరే, ఇక ఉత్తరం చెప్పు, అయిపోయాక ఒక లైనులో చుక్క ఒక్కటే పెట్టు" అని. ఆ చుక్క అందాక 250 వస్తే మెయిల్ బాధ్యత ఇక సర్వరుది.

మా లాగ్‌లో 354 దాకా అన్నీ చకచకా వచ్చాయి. ఆ తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. 100 సెకన్లకి మనవాడే గీత గీసేశాడు.

ఇది చూడగానే పాస్‌వర్డ్, పోర్టు, సెక్యూరిటీ, పంపేవారి అడ్రస్, అందుకునేవారి అడ్రస్ అన్నీ ఒక్కసారిగా పక్కకి తప్పుకున్నాయి. అవి తప్పయితే 354 రాదు. అయినా మూడు రోజులూ అందరూ మార్చింది వాటినే.

మొదట నాకు వచ్చిన ఆలోచన సైజు. స్కానరు 600 డీపీఐలో రంగుల్లో పెట్టి ఉంది, 8 పేజీలు 19 ఎంబీ వచ్చాయి. మెయిల్‌లో అటాచ్‌మెంట్ బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారి వెళ్తుంది కాబట్టి ఇంకో మూడో వంతు పైనే పెరుగుతుంది, అంటే 25 దాటేసింది. కానీ ఈహెచ్‌ఎల్‌ఓకి సర్వరు ఇచ్చిన జవాబులో సైజు 52428800 అని ఉంది, అది 50 ఎంబీ. దానికి లోపలే ఉన్నాం. పైగా సైజు ఎక్కువైతే సర్వరు 552 అని నోరు తెరిచి చెప్తుంది, ఇలా మౌనంగా ఉండిపోదు. అయినా 200 డీపీఐలో నలుపు తెలుపు చేసి 2 ఎంబీకి తెచ్చి పంపాం. ఆగింది. ఒక్క పేజీ, 300 కేబీ. అదీ ఆగింది.

అప్పుడు ఆ అమ్మాయి ఒక మాట అంది. నా దృష్టిలో ఈ కేసు తేల్చింది ఆ మాటే. "అటాచ్‌మెంట్ లేకపోయినా ఒక్కోటి ఆగుతోంది అన్నా. నిన్న చెన్నై క్లియరింగ్ ఏజెంటుకి ఊరికే 'ఓకే సార్' అని రిప్లై ఇచ్చినా వెళ్ళలేదు. అదే కొత్త మెయిల్‌లో ఓకే సార్ అని రాస్తే వెళ్ళింది."

ఆ రిప్లై డ్రాఫ్ట్స్‌లో ఉందేమో చూపించమన్నాను. పైన "ఓకే సార్" అని రెండు మాటలు. కింద పదిహేను మెయిళ్ళ పాత సంభాషణ మొత్తం వేలాడుతోంది. అంటే అటాచ్‌మెంట్ ఉందా లేదా అన్నది కాదు తేడా. 300 కేబీ ఆగుతోంది, పాత మెయిళ్ళు తగిలించిన పది పదిహేను కేబీల రిప్లై కూడా ఆగుతోంది, ఒక్క ముక్క రాసిన టెస్ట్ వెళ్తోంది. ఏ మెయిల్ సర్వరూ ఇంత చిన్న హద్దు పెట్టదు. ఆ సైజుల్లో మాట్లాడేది మెయిల్ కాదు, నెట్‌వర్క్ ప్యాకెట్, అంటే నెట్‌లో ఏది పంపినా ముక్కలు చేసి కట్టే చిన్న పొట్లం.

ఇంకో సాక్ష్యం కూడా అప్పుడే కళ్ళ ముందు పడింది. పెద్ద అటాచ్‌మెంట్‌తో మెయిల్ రాస్తూ ఉంటే థండర్‌బర్డ్ 5 నిమిషాలకోసారి డ్రాఫ్ట్ దాచుకుంటుంది. ఆ దాచుకోవడం కూడా వేలాడిపోతోంది. డ్రాఫ్ట్ వెళ్ళేది ఐమ్యాప్ మీద, వేరే పోర్టులో, వేరే భాషలో. ఎస్‌ఎంటీపీకి దానితో సంబంధమే లేదు. అంటే ఆగుతున్నది "పంపడం" కాదు, ఈ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్ళే ఏ పెద్ద మూటైనా ఆగుతోంది.

ఇక్కడ మరో రోగాన్ని పక్కన పెట్టాలి, ఎందుకంటే చూడ్డానికి ఇలాగే ఉంటుంది. ఒక్కోసారి మెయిల్ వెళ్ళిపోతుంది, దాని కాపీ సెంట్ ఫోల్డర్లో దాచేటప్పుడు వేలాడుతుంది. మనిషికి వెళ్ళలేదనిపించి మళ్ళీ మళ్ళీ సెండ్ నొక్కుతారు, అవతలివాళ్ళకి ఒకే మెయిల్ నాలుగైదు అందుతాయి. అందుకే ఇలాంటి కేసులో నేను అవతలివాళ్ళకి ఫోన్ చేయించి అందిందా అని అడిగిస్తాను. మలేషియా వాళ్ళకి ఒక్కటి కూడా అందలేదు. లాగ్ చెప్పింది, మనిషి చెప్పింది ఒకటే అయింది.

నన్ను కాసేపు తికమక పెట్టింది మాత్రం జీమెయిల్. అదే కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, అదే 19 ఎంబీ ఫైలు ఆ అమ్మాయి సొంత జీమెయిల్ నుంచి పంపితే సుబ్బరంగా వెళ్ళింది. "నెట్ బాగుంది, మీ మెయిల్ ప్రోగ్రాములోనే ఏదో ఉంది" అని ఇంటర్నెట్ అబ్బాయి తేల్చేసింది దీన్నిబట్టే. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ క్రోమ్ గూగుల్ సర్వర్లతో ఎక్కువగా మాట్లాడేది క్విక్ అనే పద్ధతిలో, యూడీపీ మీద. యూడీపీ, టీసీపీ అనేవి నెట్‌లో ప్యాకెట్లు పంపే రెండు వేరు వేరు పద్ధతులు. దాని ప్యాకెట్లు 1200 బైట్ల దగ్గర మొదలై, మామూలు టీసీపీ ప్యాకెట్లకంటే చిన్నగానే ఉంటాయి. థండర్‌బర్డ్ మాట్లాడేది టీసీపీ మీద, అది 1500 బైట్ల నిండు ప్యాకెట్ కట్టి పంపుతుంది. దారిలో 1500 పట్టని సందు ఒకటి ఉంటే జీమెయిల్ దూరిపోతుంది, థండర్‌బర్డ్ ఇరుక్కుంటుంది.

అలాంటి సందు ఉందో లేదో తేల్చాలి. మామూలుగా పింగ్‌తో, అంటే ఒక ప్యాకెట్ కొట్టి అవతలి యంత్రం జవాబిస్తుందా అని చూసే కమాండ్‌తో, సైజు పెంచుకుంటూ పోయి చూస్తాం. ఇక్కడ అసలు పింగే రాలేదు, ఎవరికి కొట్టినా, ఎంత చిన్నది కొట్టినా. బ్రౌజింగ్ మాత్రం బాగానే నడుస్తోంది. దారిలో ఏయే చోట్ల మీదుగా వెళ్తోందో చూపే ట్రేస్‌రూట్‌లో కూడా మొత్తం నక్షత్రాలే, అంటే ఎక్కడినుంచీ జవాబు లేదు. అప్పటిదాకా ఇది నెట్ బాగోలేదనడానికి గుర్తుగా చూశారు. నాకు మాత్రం ఇంకోలా కనిపించింది: మధ్యలో ఎవరో ఐసీఎంపీని, అంటే నెట్ యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లని, మొత్తం ఆపేస్తున్నారు. పింగ్ కూడా అందులోదే.

"ఈ మధ్య ఇక్కడ కొత్తగా ఏమైనా పెట్టించారామ్మా?"

"కొత్తగా అంటే... నాలుగు రోజుల కింద ఫైర్‌వాల్ పెట్టించారన్నా. జనవరిలో దొంగ మెయిల్ వచ్చింది కదా, అందుకని. సీసీటీవీ అబ్బాయే పెట్టాడు."

నాలుగు రోజుల కింద ఫైర్‌వాల్, అంటే నెట్‌లో వచ్చేపోయేవాటిని వడకట్టే పెట్టె. మూడు రోజుల్నుంచి మెయిల్ గొడవ. పెట్టిన రోజు ఆదివారం, ఆఫీసు లేదు. అందుకే ఎవరికీ రెండూ కలిపి తట్టలేదు.

పింగ్ పనికిరాదు కాబట్టి వేరే పరీక్ష చేశాను. ఇది చాలా సులువు, లినక్స్‌లో ఒక్క కమాండ్, రీస్టార్ట్ అక్కర్లేదు, ఏదైనా తేడా వస్తే మళ్ళీ ఒక్క కమాండ్‌తో వెనక్కి వచ్చేస్తుంది. నెట్‌వర్క్ కార్డు ఎంటీయూ 1500 ఉంటుంది, దాన్ని 1400 చేశాను. అంటే ఈ కంప్యూటర్ ఇక 1400 బైట్లు దాటిన ప్యాకెట్ కట్టదు. థండర్‌బర్డ్ మూసి తెరిచి, 2 ఎంబీ మెయిల్ సెండ్ నొక్కాం.

వెళ్ళిపోయింది. 354, తర్వాత కొన్ని సెకన్లకి 250.

ఆ అమ్మాయి వెంటనే మలేషియా డాక్యుమెంట్లన్నీ పంపేసింది. నేను ఆపలేదు, ముందు ఓడ పని జరగాలి. ఆమె పంపుకున్నాక నేను 1450, 1480, 1490 అని పెంచుకుంటూ ఒక్కో మెయిల్ పంపి చూశాను. 1492 దగ్గర వెళ్ళింది. 1493 దగ్గర ఆగింది.

1492 అన్న అంకె చూస్తే ఈ పనిలో ఉన్నవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, పీపీపీఓఈ అని. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యేవి ఇదే పద్ధతిలో. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2516గా వచ్చింది. ఈథర్‌నెట్ మోసే 1500 బైట్లలో ఇది తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది, 6 పీపీపీఓఈకి, 2 పీపీపీకి. మిగిలేది 1492.

ఇందులో తప్పేమీ లేదు, లక్షల కనెక్షన్లు అలాగే నడుస్తున్నాయి. మరి ఇక్కడ ఎందుకు ఆగింది? కంప్యూటర్ 1500 బైట్ల ప్యాకెట్ కట్టి, దీన్ని ముక్కలు చెయ్యొద్దు అని ముద్ర వేసి పంపుతుంది. అది ఫైర్‌వాల్ దాటి ఇంటర్నెట్ కంపెనీ రూటర్ దగ్గరికి చేరుతుంది. రూటర్ అవతల సందు 1492. ముక్కలు చెయ్యకూడదు, పంపడానికి పట్టదు. కాబట్టి ప్యాకెట్‌ని పడేసి, "బాబూ, 1492కి మించి పట్టదు, చిన్నది చేసి పంపు" అని కంప్యూటర్‌కి కబురు పెడుతుంది. ఈ కబురు ఐసీఎంపీలో 3వ రకం, 4వ కోడ్. 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1191 రాసిననాటి నుంచి దారి కొలత తెలుసుకోవడం ఈ కబురు మీదే ఆధారపడి ఉంది. మా ఫైర్‌వాల్‌లో మాత్రం ఐసీఎంపీ అంతా బ్లాక్ చెయ్యి అన్న చోట టిక్ ఉంది. కబురు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది. కంప్యూటర్‌కి ఏమీ తెలియదు. అదే 1500 ప్యాకెట్ మళ్ళీ పంపుతుంది, మళ్ళీ పంపుతుంది, ప్రతిసారీ అవతల పడేస్తూనే ఉంటారు. 100 సెకన్లకి థండర్‌బర్డ్ టైమ్ అవుట్ అంటుంది.

ఫైర్‌వాల్ రాకముందు అదే కబురు నేరుగా కంప్యూటర్‌కి అందేది, అది సర్దుకునేది, ఎవరికీ తెలియకుండానే అంతా జరిగిపోయేది.

మెయిల్స్ రావడం ఎందుకు ఆగలేదంటే, అటునుంచి వచ్చే పెద్ద ప్యాకెట్ల విషయంలో కబురు వెళ్ళాల్సింది మెయిల్ సర్వరుకి. సర్వరు వైపు ఆ కబురుకి అడ్డం ఏమీ లేదు, కాబట్టి అది తగ్గించుకుంటుంది. 354 దాకా మాటలన్నీ ఎందుకు సాగాయంటే, అప్పటిదాకా మనం పంపేవన్నీ చిన్న చిన్న ముక్కలే, టీఎల్‌ఎస్ తాళం పడేటప్పుడు కూడా బరువైన సర్టిఫికెట్లు సర్వరు నుంచి మన వైపు వస్తాయి తప్ప మనం పంపేది కొంచెమే. నిండు ప్యాకెట్ మనవైపు నుంచి మొదటిసారి బయల్దేరేది సరిగ్గా 354 తర్వాతే. "ఓకే సార్" కొత్త మెయిల్‌గా రాస్తే హెడర్లతో కలిపి ఒక్క చిన్న ప్యాకెట్‌లో సరిపోతుంది. రిప్లైగా రాస్తే సరిపోదు. ఆ అమ్మాయికి అంతుపట్టని ప్రతి విషయానికీ జవాబు ఇందులోనే ఉంది. ఇవన్నీ ఆమెకి కాయితం మీద బొమ్మ గీసి చెప్పాను, చాలా శ్రద్ధగా విన్నది.

మర్నాడు పొద్దున సీసీటీవీ అబ్బాయిని పిలిపించాం. ఓనరు గారు కోపంగా ఉన్నారు, "నువ్వు పెట్టిన పెట్టె వల్ల నా కంటైనర్ ఆగిపోయేది" అన్నారు. నేను ఆయనకి చెప్పాను, అబ్బాయి తప్పుగా చెయ్యలేదండీ, ఆ టిక్ పెట్టమని చాలామందే చెప్తారు, బయటివాడు పింగ్ కొట్టి మన ఆఫీసు కనిపెట్టకూడదని. ఆ ఉద్దేశం మంచిదే. కానీ పింగ్ ఆపడం వేరు, ఐసీఎంపీ మొత్తం ఆపడం వేరు. తలుపు తట్టేవాళ్ళని ఆపాలి, మన ఉత్తరం గురించి కబురు తెచ్చినవాణ్ణి ఆపకూడదు.

"అంటే ఆ టిక్ తీసెయ్యాలా అన్నా?" అన్నాడు అబ్బాయి.

"మొత్తం తియ్యొద్దు తమ్ముడూ. బయటినుంచి వచ్చే పింగ్ రిక్వెస్టు ఒక్కటీ బ్లాక్‌లో ఉంచు. 3వ రకం కబుర్లు, ట్రేస్‌రూట్‌కి కావాల్సిన 11వ రకం లోపలికి రానివ్వు. మనం కొట్టిన పింగ్‌కి వచ్చే జవాబులు కూడా."

దాంతోపాటు ఫైర్‌వాల్‌లో ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ అని ఉంటే 1452 పెట్టించాను. 1492లో ఐపీకి 20, టీసీపీకి 20 పోతే మిగిలేది అది. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు రెండు వైపులా ఎంత ముక్క పంపుకోవాలో మాట్లాడుకుంటాయి, ఆ మాటలోనే ఫైర్‌వాల్ 1452 అని దిద్దేస్తుంది. ఇక కబురు అందినా అందకపోయినా టీసీపీ వరకు గొడవ రాదు. రెండూ ఎందుకంటే, క్లాంపింగ్ టీసీపీకి మాత్రమే పనిచేస్తుంది. మిగతా వాటికి కబురు కావాలి.

తర్వాత చేసిన పని చిన్నదే కానీ చాలామంది వదిలేస్తారు. రాత్రి కంప్యూటర్లో 1400 చేసిన ఎంటీయూని మళ్ళీ 1500 చేశాను. అది అలాగే ఉంచితే ఫైర్‌వాల్ సరిచేశామో లేదో ఎప్పటికీ తెలియదు, రేపు ఇంకో కంప్యూటర్ కొంటే ఇదే గొడవ మళ్ళీ మొదట్నుంచి. 1500 మీద, 19 ఎంబీ పాత స్కాన్‌తో, ఒకటి క్లాంపింగ్ తీసి కబురు మాత్రం రానిచ్చి, ఒకటి క్లాంపింగ్ పెట్టి, రెండు రకాలుగా పంపి చూశాం. రెండూ వెళ్ళాయి. అప్పుడు స్కానర్‌ని కూడా 200 డీపీఐలో పెట్టేశాను, అది ఈ కేసుకి సంబంధం లేకపోయినా మెయిల్‌కి అంత బరువు అనవసరం. పోర్టు 587లోనే ఉంచాను. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 మొదట్నుంచే తాళం ఉండే 465 వైపు మొగ్గు చూపింది, ఇవాళ కొత్తగా పెడితే నేనూ 465 పెడతాను. కానీ రిపేరు చేసేరోజు అక్కర్లేని మార్పు చెయ్యను. 25 మాత్రం ఇలాంటి వాడకానికి కాదు. అది సర్వరుకీ సర్వరుకీ మధ్య దారి, చాలా ఇంటర్నెట్ కంపెనీలు స్పామ్ వల్ల దాన్ని మూసేస్తాయి కూడా.

ఫైర్‌వాల్ పెట్టె మీద తెల్ల కాయితం అంటించి పెన్నుతో రాశాను: ఐసీఎంపీ 3, 11 రానివ్వాలి, ఎంఎస్‌ఎస్ 1452, మార్చేముందు ఫోన్ చెయ్యండి. కింద నంబరు.

బయటికి వెళ్ళే మెయిల్ ఆగిందంటే ప్రతిసారీ ఇంత లోతు ఉండదు. అదే ఏడాది నేను చూసినవాటిలో చాలావరకు ఒక్క ముక్కలో తేలిపోయాయి. 2022 మే 30 తర్వాత గూగుల్ పర్సనల్ జీమెయిల్ ఖాతాలకి ఉత్త పాస్‌వర్డ్‌తో వచ్చే ప్రోగ్రాముల్ని ఆపేసింది, జూన్ అంతా నాకు అవే ఫోన్లు. 535 చూడగానే ఓఆత్‌కి, అంటే గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతికి మార్చడమో, టూ స్టెప్ పెట్టి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తియ్యడమో చేస్తే సరిపోయింది. ఒక స్కూల్లో కంప్యూటర్ గడియారం ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయి సర్టిఫికెట్ చెల్లదంటోంది, మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ మారిస్తే అయిపోయింది. ఒక పాత సర్వరుకి టీఎల్‌ఎస్ 1.0 తప్ప రాదు, థండర్‌బర్డ్ 78 నుంచి దాన్ని ఒప్పుకోదు, ప్రోగ్రాముని అప్‌డేట్ చేసిన రోజు నుంచి మెయిల్ ఆగింది. అక్కడ సర్వరునే మార్పించాను. ప్రోగ్రాములో పాత టీఎల్‌ఎస్‌ని తిరిగి తెరిచే దారి ఉంది కానీ, ఆఫీసు పాస్‌వర్డ్‌ని అలాంటి తాళం వెనక పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఏ కేసులోనైనా ముందు మాట ఎక్కడ తెగిందో చూస్తే చాలు, పాస్‌వర్డ్ ఇచ్చేచోటా, తాళం పడేచోటా, 354 తర్వాతా అని. మొదటిది పాస్‌వర్డ్ వైపు, రెండోది సర్టిఫికెట్, టీఎల్‌ఎస్ వైపు, మూడోది సైజో దారో. నేను ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాను, ఫోన్‌లో సాయం చేసేటప్పుడు కూడా ముందు లాగ్‌లో చివరి లైను చదవమంటాను.

రెండు వారాల తర్వాత సీసీటీవీ అబ్బాయి ఫోన్ చేశాడు. అదే రకం ఫైర్‌వాల్ ఇంకో రెండు చోట్ల పెట్టాడట, ఒక కోల్డ్ స్టోరేజీలో, ఒక ఆడిటర్ ఆఫీసులో. కోల్డ్ స్టోరేజీ వాళ్ళకి మెయిల్ ప్రోగ్రామే లేదు, ఏ గొడవా రాలేదు. ఆడిటర్ గారి ఆఫీసులో మాత్రం పెద్ద ఫైళ్ళు వెళ్ళట్లేదని మూడు వారాలుగా హోస్టింగ్ వాళ్ళతో గొడవ పడుతున్నారట. "నేనే వెళ్ళి రెండు చోట్లా సరిచేసి వచ్చానన్నా, పంపి చూశాం, వెళ్తున్నాయి" అన్నాడు.

మరుసటి సీజన్‌లో ఎక్స్‌పోర్ట్ ఆఫీసు అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో టెన్షన్ లేదు. "అన్నా, మెయిల్ వెళ్ళట్లేదు. లాగ్ చూశాను. 354 దాకా రాలేదు, 535 అంటోంది. పొద్దున హోస్టింగ్ వాళ్ళ సైట్‌లో పాస్‌వర్డ్ మార్చాం."

"మరి?"

"ఎస్‌ఎంటీపీది చెరిపేసి మళ్ళీ కొట్టాలి కదా. అది చేసే ముందు ఒకసారి నీకు చెబుదామని చేశాను."

కొట్టమన్నాను. నేను లైన్లో ఉండగానే వెళ్ళింది.